ప్లాస్టిక్ భక్తులకు యాత్రా సూచనలు

తిరుమలలో 2022 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. అంతమాత్రానికే అధైర్యపడకండి. అలిపిరిలో తనిఖీ చేసేవాళ్లకు రెండే కళ్లు, మన సూట్‌కేసుకు బోలెడు అరలు. షాంపూ ప్యాకెట్లను పిల్లల బనియన్ల మధ్య దాచండి. "తలనీలాలు ఇచ్చేదానికి పోతా షాంపూ ఏంటికి సామీ?" అని అడిగితే, "మొక్కు ఆయనది, జుట్టు నాది" అని ఇంటావిడ చేత చెప్పించండి. వాడేశాక ఖాళీ ప్యాకెట్‌ను బాత్రూం కిటికీలో దోపండి. ప్లాస్టిక్కూ అల్యూమినియం రేకూ అతికించిన సరుకది. పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు కాబట్టి దొంగల భయం లేదు.

కొండమీద జలప్రసాదం కుళాయిల్లో మంచినీళ్లు ఊరికే వస్తాయి. ఊరికే వచ్చేవాటిని నమ్మకండి. గాజు సీసాలో నీళ్లు కొంటే, ఖాళీ సీసా తిరిగిచ్చాక డిపాజిట్ వెనక్కిస్తారు. దానికోసం ఎవరు నిలబడతారని విసుక్కోండి. దర్శనానికి ఎన్ని గంటలు నిలబడ్డారో ఆ కాసేపు మరచిపోవాలి.

మట్టిలో కలిసిపోయే సంచులకు 2021 ఆగస్టులో డీఆర్‌డీవో వాళ్లు కొండమీద కౌంటరు తెరిచారు. క్షిపణులు చేసేవాళ్ల సంచైనా, తిరుపతికి దిగేలోపు లడ్డూలతో సహా మట్టిలో కలిసిపోతే? మామూలు కవరు ఇంకోటి తొడగండి.

120 మైక్రాన్ల కంటే పల్చటి కవర్లు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా కూడదన్నారు. కింద టిఫిన్ అంగట్లో పొగలు కక్కే సాంబారును పల్చటి కవర్లో పోసి, మూతి మెలేసి, రబ్బరు బ్యాండు బిగించి, కారకుండా ఇంకో కవర్లో వేసిస్తారు. రెండు యాభైలు వంద. మూడోది కూడా అడిగి పుచ్చుకుంటే చట్టాన్ని గౌరవించినట్టే. ఇంటినుంచి క్యారియర్ తీసుకుపోవడం మాత్రం పరువు తక్కువ.

ఇక పెళ్లి భోజనం. అసలు అరటాకు వద్దు, కడగాలి. అరటాకు బొమ్మ అచ్చేసి, పైన ప్లాస్టిక్ పూత పూసిన పేపరు ఆకులు తెప్పించండి. నడిమి ఈనె కూడా అచ్చంగా ఉంటుంది. పంక్తి లేవగానే మిగిలిన పప్పు, రసం, పాయసంతో సహా చుట్టి, కల్యాణమండపం వెనక పడేస్తే ఆవులొస్తాయి. వాటికి అచ్చుకూ ఆకుకూ తేడా తెలియదు, రసం వాసన తెలుసు. ఆవు కడుపులో నాలుగు అరలు. ప్లాస్టిక్ మొదటి అరలోనే ఉండిపోతుంది. నెమరుకు రాదు, పేడలో పోదు. ఉండలు కట్టి, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. కడుపు నిండినట్టే ఉండి ఆవు మేత మానేస్తుంది, డొక్కలు ఎగదీసుకుపోతాయి. గడ్డి ఖర్చు మిగిలిందని యజమాని సంతోషించాలి.

మరునాడు కొత్త దంపతులను గోశాలకు తీసుకెళ్లి గోపూజ చేయించండి. పసుపు కుంకుమ పెట్టి, అరటిపళ్లు తినిపించి, మూడు ప్రదక్షిణలు. పళ్లు తెచ్చిన కవరు అక్కడే వదిలేయండి, వాళ్లు చూసుకుంటారు.