జీపులో హారతి

మా జీపు 1994 మోడల్ డీజిల్ బండి. డ్యాష్‌బోర్డులో ఇంకా పనిచేస్తున్నది ఒక్కటే, ఇంజిన్ వేడి చూపే మీటరు. మిగతావన్నీ ఎప్పుడో రిటైరయ్యాయి కాబట్టి ఆ ఒక్క ముల్లు మీద నాకు మహా గురి.

రెండేళ్ల కిందట మే నెలలో కర్నూలు నుంచి శ్రీశైలం వెళ్తూ, దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే బానెట్ సందుల్లోంచి పొగ. ముల్లు వైపు చూశాను. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా నడిమధ్యన బుద్ధిగా కూర్చుంది. పాత బండి కదా, ఆయాసం కాబోలనుకుని మరో రెండు కిలోమీటర్లు తోలాను. ఆ రెండు కిలోమీటర్లకు 22,000 రూపాయలైంది.

షెడ్డులో మేస్త్రి ఇంజిన్ ఆయిల్ వేలికి తీసి చూపించాడు. పాలు ఎక్కువైన కాఫీ రంగు.

"గ్యాస్కెట్ పోయింది సార్. హెడ్డు గూడా వంకరపోయింది, ఫేసింగ్ చేయించాల."

"ముల్లు మధ్యలోనే ఉందయ్యా!"

"ఉంటాది సార్. దానికి సంగతి చెప్పే సెన్సర్ నీళ్లలో మునిగుండాల. హోస్ పగిలి నీళ్లన్నీ పోయినాక అది గాల్లో ఏలాడతా ఉంటాది. దానికేం తెలుస్తాది, పాపం?"

నీళ్లెంత కాగాయో చెప్పే మీటరు, నీళ్లే లేవని మాత్రం చెప్పదన్న మాట. ఇన్నేళ్లూ నేను నమ్మింది దొంగ సాక్షిని!

నీళ్లు తగ్గితే అరిచే అలారం పెట్టించుకోమన్నాడు మేస్త్రి. ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చి రేడియేటర్ పై ట్యాంకుకు రంధ్రం చేసి, రబ్బరు బిరడాలోంచి ఓ స్టీలు మేకు లోపలికి దించాడు. మేకు కూలెంట్‌లో మునిగి ఉన్నంతసేపు సన్నటి కరెంటు కూలెంట్ గుండా బాడీకి చేరుతుంది. మేకు బయటపడితే ఆ దారి తెగుతుంది, అలారం మోగుతుంది. కూలెంట్ ఖరీదు విని, ఏసీ నుంచి కారే నీళ్లు పోద్దామా అన్నాను. "అంత శుద్ధమైన నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు సార్, ట్యాంకు నిండుగా ఉన్నా అరుస్తాది" అన్నాడు. శుద్ధంగా ఉండటం కూడా తప్పయ్యే చోటు అదొక్కటే చూశాను.

చిక్కల్లా అరిచే దాని దగ్గరొచ్చింది. కొట్లో మామూలు బజర్ లేదట. ఉన్నదల్లా బండి వెనక్కి వస్తుంటే హిందీ హారతి పాట వాయించే రివర్స్ హారన్. వినపడితే చాలు కదా అని బిగించేశాడు.

ఈసారి శ్రీశైలానికి అమ్మను ఎక్కించుకున్నాను. ఘాట్‌లో మొదటి మలుపు తిరగ్గానే హారతి అర చరణం మోగి ఆగింది. అమ్మ చేతులు జోడించింది. రెండో మలుపులో మళ్లీ. పదో మలుపుకల్లా అమ్మ ముందే చప్పట్లకు సిద్ధంగా ఉంది.

"మలుపులో కూలెంట్ ఓ పక్కకు ఒరిగి మేకు బయటపడుతోందమ్మా."

"స్వామి సంగతి నీకేం తెలుసురా!"

తిరిగొచ్చాక ఎలక్ట్రీషియన్ ఏదో చిన్న పరికరం అతికించాడు. మేకు వరసగా ఎనిమిది సెకన్లు పొడిగా ఉంటేనే పాట. అమ్మకు ఆ మార్పు నచ్చలేదు.

మొన్న కార్తీకంలో, సాక్షి గణపతి గుడి ఇంకో కిలోమీటరు ఉందనగా, పాట మొదలై ఆగలేదు. "హారతి మధ్యలో బండి ఆపకూడదురా" అంటున్నా వినకుండా పక్కకు తీసి బానెట్ ఎత్తాను. కింది హోస్ క్లిప్పు వదులై పచ్చటి కూలెంట్ కారుతోంది. కంగారులో రేడియేటర్ మూత మీద చెయ్యి వేశానో లేదో అమ్మ వచ్చి పట్టుకుంది. "ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తార్రా ఎవరైనా?" ఆ ముక్క ఏ మేస్త్రీ నాకు చెప్పలేదు.

చల్లారే దాకా కూర్చున్నాం. హడావుడిలో ఇంజిన్ ఆపాను గానీ తాళం పూర్తిగా తిప్పలేదు. పాట సాగుతూనే ఉంది. ఎత్తిన బానెట్, పల్చటి ఆవిరి, హారతి చూసి, అటుగా వెళ్తున్న యాత్రికులు నలుగురు ఆగారు. ఒకాయన చెప్పులు విడిచి కళ్లకద్దుకుని, మడ్‌గార్డు మీద పది రూపాయల నోటు పెట్టి వెళ్లాడు. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

తాళం తీయడానికి లోపలికి వంగి చూస్తే ముల్లు నడిమధ్యనే ఉంది. ఈసారి అది నిజమే చెబుతోంది, నమ్మే స్థితిలోనే నేను లేను.