అంగుళమునకు ఎన్ని పోగులు?

మా యింటి పాత టెలివిజన్ మొన్నటి శ్రావణమాసమున, ధారావాహికయందలి అత్తగారు కోడలిపై చేయెత్తిన క్షణమున, ఆ చేయి దిగకముందే, నడుమ ఒక తెల్లని గీతను మాత్రము మిగిల్చి కన్నుమూసినది. ఇరువదియొక్క సంవత్సరములు కొలువుచేసిన ఆ పెట్టెకై మాయింట నెవరును కంటతడి పెట్టలేదు గాని, నా అర్ధాంగి మాత్రము దాని నెత్తివంక చూచి దీర్ఘముగా నిట్టూర్చెను. ఏలయన ఆ నెత్తిమీద ఎమ్మిగనూరు మగ్గపు గుడ్డ పరచి, దానిపై మంత్రాలయపు రాఘవేంద్రస్వామివారి పటమును, ప్లాస్టిక్ పూలకుండీని, కరెంటు బిల్లులు గుచ్చిన తీగను, మా చిన్నవాడు ఏడవ తరగతిలో పరుగుపందెమున గెలిచిన కప్పును, నా కళ్లజోడును ఆమె కొలువుదీర్చి యుండెను. "కొత్తవి అట్టముక్క మాదిరి ఉంటాయంట గదా, ఇవన్నీ యాడ పెట్టాల?" అని ఆమె వేసిన ప్రశ్నకు ఏ కంపెనీవారి ప్రకటనయందును నాకింతవరకు సమాధానము కానరాలేదు.

బడ్జెటు 15,000 రూపాయలని నేను ప్రకటించితిని. మా యింట బడ్జెటు అనునది ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి చెప్పు మొదటి మాటవంటిది; అందరును విందురు, ఎవరును దానికడ నిలువరు. బెంగుళూరిలో నున్న పెద్దకుమారుడు, "నాన్నా, 55 ఇంచీలకు తక్కువైతే కొననే వద్దు" అని ఫోనులో శాసించెను. కిటికీకిని బీరువాకును నడుమ మా గోడ 41 అంగుళములు మాత్రమే యున్నది. 43 అంగుళములదియే పట్టదని నా యిల్లాలు టేపు పెట్టి కొలిచి వాదించుచుండగా, అంగుళములనగా వెడల్పు కాదనియు, తెరను ఈ మూలనుండి ఆ మూలకు ఐమూలగా కొలిచిన కొలత యనియు, 43 అనబడునది అడ్డముగా ముప్పదియేడున్నర మాత్రమే యనియు తరువాత తెలియవచ్చినది. మా యూర ఎవడైనను తువ్వాలను ఐమూలగా కొలిచి అమ్మజూచినచో వానిని ఆ తువ్వాలతోనే స్తంభమునకు కట్టివేసి యుందురు. టీవీ వర్తకులకు మాత్రము లోకమంతయు ఒక్కటై ఆ హక్కును ధారపోసినది.

నేను మా వీధిలోని నేతమామను వెంటబెట్టుకొని బజారునకు పోయితిని. 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరు మా ఊరు. ఇచ్చట గుడ్డను కంటితో కాక గోటితో చూచువారు నేటికిని కలరు. మామ అట్టివారిలో నొకడు. ఆయన చొక్కా జేబులో, అంగుళపు చదరము మేర కన్నుగల మడత అద్దమొకటి ఎప్పుడును ఉండును. దానిని గుడ్డపై నిలిపి పడుగుపోగులెన్ని, పేకపోగులెన్ని యని లెక్కించుట ఆయన పుట్టుకతో వచ్చిన విద్య.

దుకాణమున ఒక గోడనిండ ఇరువది టీవీలు వెలుగుచుండెను. ఇరువదింటను ఒకటే రంగురంగుల చిలుక, ఒకటే తేనెధార, ఒకటే మంచుకొండ. మాయింట చిలుకలను చూచువారు లేరు. మేము చూచునది రాత్రి యేడింటి వార్తలును, దాని పిమ్మటి అత్తాకోడండ్రును. ఆ సంగతి తెలిసియే కాబోలు, దుకాణములలో అట్టి బొమ్మలనే, ఇంట నెవరును భరింపలేనంత వెలుగు పెట్టి ఆడించుచుందురు. అచ్చటి కుర్రవాడు అష్టోత్తరము మొదలుపెట్టెను. "సార్, ఇది ఎల్ఈడీ, ఇది క్యూఎల్ఈడీ, అది ఓఎల్ఈడీ" అని ఒక్కొక్క అక్షరమునకు కొన్నివేల చొప్పున పెంచుకొనుచు పోయెను. విచారింపగా తేలినదేమనగా, ఎల్ఈడీ టీవీ యని మనము పిలుచుదానియందు బొమ్మను చూపునది ద్రవస్ఫటికపు తెర; ఎల్ఈడీలు వెనుకనుండి వెలుగుపట్టు దీపములు మాత్రమే. అనగా పల్లకినెక్కిన పెండ్లికొడుకు పేరు విడిచి, దివిటీ పట్టినవాని పేర శుభలేఖ అచ్చువేయించినట్లు. క్యూ అను అక్షరము చేరినచో దివిటీకిని తెరకును నడుమ రంగులు తేర్చు పొర యొకటి చేరును. ఓ అను అక్షరముతో మొదలగు దానియందు మాత్రము ప్రతి చుక్కయు తన దీపమును తానే వెలిగించుకొనును. ఆ స్వయంప్రకాశమునకు ధర లక్ష దరికి పోవును గనుక మేము దానికి నమస్కరించి ముందునకు సాగితిమి.

మామ మాత్రము కదలలేదు. అద్దము తీసి, మడత విప్పి, 32 అంగుళముల తెరపై చిలుక రెక్కమీద నిలిపి, ఒక కన్ను మూసి వంగెను. కుర్రవాడు "తాతా, తాకొద్దు" అనుచుండగనే ఆయన తల యెత్తి, "అల్లుడా, ఒక్కో పోగు మూడు పోగుల పురిలా ఉందే! ఎర్రది, ఆకుపచ్చది, నీలిది" అనెను. పిదప లెక్క తేల్చెను. చౌకబారు 32 అంగుళముల తెరకు అడ్డమున 1366 చుక్కలు, అంగుళమునకు 49. ఫుల్ హెచ్‌డీ యనబడు 43 అంగుళముల తెరకు 1920, అంగుళమునకు 51. ఫోర్‌కే యనబడు 43 అంగుళములదానికి 3840, అంగుళమునకు 102. "ఈ రెండూ ఒకటే నేత, పన్నా పెద్దది అంతే. మూడోది మాత్రం సన్నగుడ్డ" అని తీర్పు చెప్పి, ఆపైన కుర్రవానిని ఇంతవరకు ఏ కొనుగోలుదారుడును అడిగియుండని ప్రశ్నయొకటి అడిగెను: "నాయనా, మా యింటికి గాలిలో వచ్చే నూలు ఎన్ని పోగులది?"

కుర్రవానికి పాలుపోలేదు. సత్యమేమనగా, మా యింటి కప్పుమీది ఉచిత డిష్షు పళ్లెములో పడు సాధారణ ప్రసారమునకు అడ్డమున 720 చుక్కలకు మించి యుండవు. దానిని 3840 చుక్కల తెరపై పరచుటకు మిగిలిన చుక్కలను టీవీయే ఊహించి కల్పించుకొనవలెను. ఇది వినిన మామ, "ఏడొందల ఇరవై పోగులు తెచ్చి మూడువేల ఎనిమిదొందల గుడ్డ నేస్తానంటాడు. తక్కిన పోగులు యాడనుంచి తెస్తాడప్పా? సాగదీస్తే అంగుళానికి పంతొమ్మిది పడతాయి. అది గుడ్డ గాదు, దోమతెర" అనెను. కుర్రవాడు నవ్వి, అందులో ఏఐ ఉన్నదనియు, అదియే నేసికొనుననియు నచ్చజెప్పజూచెను. మగ్గములపొట్ట ఎవరు కొట్టినారో మామకు ఆనాటికి ఎరుకపడినది.

ఇక ప్రభుత్వమువారి తత్త్వశాస్త్రమును గురించి ఒక మాట. 2019 జనవరి 1వ తేదీనుండి 32 అంగుళముల వరకు గల టీవీపై జీఎస్టీ 18 శాతము. అది దాటెనా 28 శాతము. అనగా మానవుని అవసరము 32వ అంగుళమున ముగిసి, ఆపై విలాసము మొదలగునని ఢిల్లీలో కూర్చున్న మహనీయులు గుర్తించిరి. వేదాంతులు యుగములుగా వెదకిన ఆశకును అవసరమునకును నడిమి సరిహద్దు, ఐమూలగా కొలిచినచో 32 అంగుళములు! ఆరేండ్లకు పైగా ఈ సిద్ధాంతము చెల్లి, 2025 సెప్టెంబరు 22న రద్దయినది. అన్నింటికిని 18 శాతమే. అసలు వెల 20,000 గల టీవీ దానితో 25,600 నుండి 23,600లకు దిగినది. ఈ 2,000 రూపాయల లాభమును చేజార్చుకొనుట అవివేకమని తలంచి నేను నా బడ్జెటును 8,600 మించితిని.

అయినను ధర చూడక కొనరాదు గదా. ఎమ్మిగనూరినుండి ఆదోనికి ముప్పది కిలోమీటర్లకు కొంచెము తక్కువ దూరము. 2025 ఆగస్టు 15 మొదలుకొని ఆడువారికి పల్లెవెలుగు బస్సులలోను, ఎక్స్‌ప్రెస్సులలోను ఉచితప్రయాణము కలిగినందున, నా యిల్లాలు ఆధారుకార్డు చేతబట్టి ధర కనుగొనుటకై నాలుగు పర్యాయములు ఆదోనికి పోయివచ్చెను. తోడుపోయిన నేను నాలుగు పర్యాయములును టిక్కెట్టు కొంటిని. రెండవ బొంబాయి యని పేరొందిన ఊరు గనుక అచ్చట బేరము బొంబాయి తీరుననే నడచును.

నాలవ పర్యాయము దుకాణమున, యార్డులో పత్తి అమ్ముకొని వచ్చిన రైతొకడు మా పక్కనే నిలుచుండెను. పొడవుపింజ పత్తికి 2025-26లో మద్దతుధర క్వింటాలుకు 8,110. అది దక్కినచో మా చూపులో పడిన టీవీ మూడు క్వింటాళ్లకు కొంచెము తక్కువ. దక్కుటయే కష్టము. పత్తియందు తేమ 8 శాతము దాటెనా ధరలో కోత, 12 దాటెనా తిరుగుప్రయాణము. ఆ రైతు తెరను వ్రేలితో తాకి, దుకాణదారుని వైపు తిరిగి, "అన్నా, పొద్దున నా పత్తిని చేతబట్టి తేమన్నారు, పింజ పొట్టిదన్నారు, రంగు మారిందన్నారు. ఇప్పుడు దీన్ని చూసి నేనేమనాల్నో ఒగరైనా చెప్పండప్పా" అనెను. దుకాణదారుడు అతనికి చల్లని నీళ్లసీసా యొకటి ఇప్పించెను. అమ్మినప్పుడును ధర ఎదుటివాడే చెప్పి, కొన్నప్పుడును ఎదుటివాడే చెప్పు బ్రతుకునకు నీళ్లసీసాకంటె సమాధానమేమి యుండును?

కొలతలును బేరములును లేని కాలమును ఒకటి యుండెను. 1975లో అమెరికా ఉపగ్రహమొకదాని సాయమున, మన రాష్ట్రము సహా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు ఏడాదిపాటు టీవీ చూపించిరి; ఊరికొక్క పెట్టె, ముందు ఊరంతయు. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ వచ్చినది. 1987లో రామాయణము వచ్చునాటికి, ఆదివారమునాడు జనము ఎన్నుకొన్నది టీవీని కాదు, టీవీ యున్న ఇంటిని. కొలత అడిగినవాడు లేడు. కిటికీలోనుండి చూచువానికి ఏ టీవీయైనను ఇరువది అంగుళములే.

ఇక మా బేరమునకు వచ్చినచో, ఆదోనిలో 700 తగ్గించిరి. "వడ్డీలేని వాయిదాలు కట్టండి మేడమ్, క్రెడిట్ కార్డు ఉంటే చాలు" అని గుమాస్తా చెప్పగా చీటీ తెప్పించి చదివితిని. వడ్డీ లేనిమాట నిజమే గాని, ఆ లేని వడ్డీపై 18 శాతము పన్నును, అదిగాక లాంఛనపు రుసుమును కలవు. రొక్కమే ఇచ్చితిమి. పాతపెట్టెకు 500 ఇత్తుమనిరి. నా యిల్లాలు ముఖము త్రిప్పుకొనెను. గోడకు బిగించు ఇనుపచట్రము వేరు, దానిని బిగించువాడు వేరు. ఎమ్మిగనూరు చేర్చుటకు ఆటోవాడు 800 అడిగెను. తగ్గిన 700లలో 800 పోగా మిగిలినదెంతయో లెక్కకట్టుట మానివేసి, అట్టపెట్టెను ఒడిలో పెట్టుకొని వెనుకసీటున కూర్చుంటిని.

ఇప్పుడు మా గోడకు 43 అంగుళముల ఫోర్‌కే టీవీ వ్రేలాడుచున్నది. దాని క్రింద, వెనుకటి చోటనే, చచ్చిన పెట్టె కూర్చున్నది. దాని నెత్తిన మగ్గపు గుడ్డ, రాఘవేంద్రస్వామి పటము, పూలకుండీ, కప్పు, నా కళ్లజోడు. మొదటి రాత్రి మామ వచ్చెను. అత్తగారు పట్టుచీర వంటిదేదో కట్టుకొని తెరనిండ నిలుచుండెను. మామ అద్దము తీసి, ఆ చీర కుచ్చెళ్లపై నిలిపి, చాలసేపు చూచెను. మేమందరము ఊపిరి బిగబట్టితిమి.

"పోగులైతే నూటికి పైనే ఉండాయి అల్లుడా," అని ఆయన అద్దము మడిచి జేబులో వేసికొనెను. "చీర మగ్గందో మిల్లుదో మాత్రం తెలీల్యా."