ఇల్లు కొనేవారికి ఊరు ఒప్పుకోని సలహాలు

పెంటపాడులోనో, పక్కనే తాడేపల్లిగూడెంలోనో ఇల్లు కొనబోతున్నామని ఒక్క మాట బయటికి వస్తే చాలు, సలహాలకు కొదవుండదు. మంచి రోజు చూసుకుని వెళ్లు, సిద్ధాంతిగారిని వెంటబెట్టుకెళ్లు, నచ్చితే బయానా గట్టిగా ఇచ్చేయ్, మనవాళ్లే కదా కాగితాల గురించి గుచ్చిగుచ్చి అడక్కు, రిజిస్ట్రేషన్‌కి తక్కువ రాయించుకో. అందరూ మన మేలు కోరే చెబుతారు. నేను మాత్రం వీటన్నిటికీ ఎదురు నడవమంటాను. నా మాట వింటే మీ మేనమామగారికి కోపం రావచ్చు, అమ్మేవాళ్లు చిన్నబుచ్చుకోవచ్చు. అయినా వినండి. మధ్యతరగతి కుటుంబం బతుకు మొత్తంలో ఒక్కసారి ఇంత సొమ్ము బయటికి తీస్తుంది. ఆ సొమ్మును మొహమాటం తినేయకూడదు.

ఇల్లు ఆషాఢంలో చూడండి. శూన్యమాసం, ఎవరూ బేరాలు మాట్లాడరు. అందుకే చూడమంటున్నాను. మాఘంలో, ఫాల్గుణంలో ఏ ఇల్లైనా బాగానే కనిపిస్తుంది. గోడలు ఆరి ఉంటాయి, వీధి పొడిగా ఉంటుంది, కొత్త సున్నం మెరుస్తుంటుంది. ఆషాఢం వచ్చేసరికి కాలువలకు నీళ్లు వదులుతారు, సార్వా ఊడ్పులు మొదలవుతాయి, బోదెలూ మురుగు కాలువలూ నిండుతాయి. మనది డెల్టా. వాన కురిస్తే నీరు ఎటు పోతుందన్నదే ఇక్కడ ఇంటి అసలు విలువ. ఏజెన్సీ కొండల్లో పడిన వాన ఎర్రకాలువగా దిగి, నందమూరు అక్విడెక్టు కింద నుంచి సాగి, యనమదుర్రు డ్రెయిను పేరుతో భీమవరం మీదుగా సముద్రానికి పోవాలి. మనకు చినుకు లేకపోయినా పైన కుంభవృష్టి పడితే ఇక్కడ నీళ్లొస్తాయి. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వరిచేలను ముంచేసింది. అలాంటి వారంలో చూడాలి ఇల్లు. గుమ్మం కంటే రోడ్డు ఎత్తుగా ఉందా? ఈ ప్రశ్న పాత ఇళ్లకు మరీ ముఖ్యం. రోడ్డు వేసిన ప్రతిసారీ ఇంకొంచెం లేస్తుంది, ఇల్లు మాత్రం పల్లంలో మిగిలిపోతుంది. లోపలి గోడల మీద మోకాలెత్తున పెచ్చులూడి ఉంటే రంగు వేయించి ఇస్తామన్న మాటకు లొంగవద్దు. నల్లరేగడి నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని నెర్రెలిస్తుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే బీటలు ఆ సంగతి చెబుతాయి. అమ్మేవాళ్లను కాదు, ఎదురింటి పెద్దావిడను అడగండి: ఎక్కువ వాన పడ్డప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయమ్మా అని. ఆమెకు ఈ బేరంలో లాభనష్టాలు లేవు.

మళ్లీ ఒకసారి మే నెలలో వెళ్లండి. అప్పటికి కాలువలు కట్టేసి ఉంటారు. ఊరి చెరువు నీళ్లు ఎంతకాలం వస్తున్నాయో, బోరు నీరు తాగడానికి పనికొస్తుందో ఉప్పగిల్లుతుందో ఎండల్లోనే తెలుస్తుంది. ఆక్వా చెరువులు దగ్గర్లో ఉన్న ఊళ్లలోనైతే ఈ పరీక్ష తప్పనిసరి.

సిద్ధాంతిగారిని అందరికంటే చివర పిలవండి. వాస్తు మీద నమ్మకం వదులుకోమని చెప్పడం లేదు. ఈశాన్యం పెరిగిందో లేదో ఆయన చూస్తారు. ఆ ఈశాన్యం మూల పుంత పోరంబోకులో ఉందో లేదో చూడాల్సింది సర్వేయరు. ముందు సర్వేయరు, తరువాత వకీలు, ఆ తరువాత ఇంజనీరు, చివర్లో సిద్ధాంతి. ఈ వరస తిరగబడితే జరిగేది ఒకటే: వాస్తు కుదిరిందన్న సంతోషంలో అదే పూట బయానా చేతులు మారుతుంది. కాగితాలు చూసేవాడు వచ్చేసరికి వెనక్కి తిరిగే దారి ఉండదు.

సర్వేయరు ఎందుకంటే, మన ఊళ్లలో పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. వాటికి పొలాలకున్నట్టు అడంగల్, 1బీ ఉండవు. తాతల నాటి దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, ఇవే ఆధారాలంటారు. పన్ను రసీదు యాజమాన్యం ఇవ్వదు. ఆ ఇంటికి ఎవరు పన్ను కట్టారో మాత్రమే చెబుతుంది. దస్తావేజులో తూర్పు ఫలానావారి దొడ్డి, పడమర పుంత అని హద్దులుంటాయి. ఆ ఫలానావారు పోయి రెండు తరాలైంది, పుంత కాస్తా సిమెంటు రోడ్డయింది. అందుకని టేపు పట్టి కొలిపించండి. కాగితం మీద 5 సెంట్లంటే 242 చదరపు గజాలు రావాలి. నేల మీద 215 గజాలే వస్తే మిగతాది ఎవరి గోడ లోపల ఉందో బేరానికి ముందే తేలాలి. కొలిచేటప్పుడు ఇరుగుపొరుగును పిలవండి. కొనకముందే తగువు తెచ్చుకోవడమేమిటంటారు. వచ్చే తగువైతే మన డబ్బు మన దగ్గరుండగా రావడమే మంచిది.

కాలువగట్టు మీద ఇల్లు ఎంత చల్లగా ఉన్నా కొనవద్దు. గట్టు అమ్మేవాడిది కాదు. డీ-పట్టా స్థలమైతే మరీ జాగ్రత్త. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023లో 20 ఏళ్లు దాటిన వాటికి సడలింపు ఇచ్చారు, మరుసటి ఏడాదే ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసి గానీ అడుగు వేయకండి. కొల్లేరు వైపు చవగ్గా వస్తుందని ఆశపెట్టేవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు యంత్రాలతో కొట్టించేశారు. అక్కడ డబ్బు పెట్టిన వాళ్ల దగ్గరా ఏవో కాగితాలు ఉండే ఉంటాయి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే సలహా. అమ్మేవాళ్ల ఇంటి ఆడపడుచులను అడగండి. ఎంతమంది, ఎక్కడున్నారు, సంతకం పెడతారా అని మొదటి రోజే అడగండి. పెళ్లిళ్లై వెళ్లిపోయారండీ, పసుపు కుంకుమలు ఘనంగా ఇచ్చాం, వాళ్లకేం సంబంధం అంటారు. సంబంధం ఉంది. తండ్రి స్వార్జితమైన ఇల్లు, వీలునామా రాయకుండా ఆయన పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం నాటి నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. భార్యకూ, తల్లి బతికుంటే ఆమెకూ ఉంది. పిత్రార్జితంలో పెళ్లికాని ఆడపిల్లలకు సమాన హక్కు ఇస్తూ దేశానికి ముందుగా చట్టం తెచ్చింది మన రాష్ట్రమే, ఎన్టీఆర్ హయాంలో. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. 2005లో కేంద్రం పెళ్లైనా కాకపోయినా హక్కు ఒకటే అంది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలనూ అమ్మకాలనూ మాత్రం కదపరు. కట్నం ఇచ్చామన్న మాట ఇందులో ఎక్కడా లేదు. రేపు చెల్లెలు కోర్టుకెక్కితే నోటీసు అన్నగారికే కాదు, ఆ ఇంట్లో కాపురముంటున్న మీకూ వస్తుంది.

చెల్లెలు హైదరాబాదులో ఉంటే రమ్మనండి. అమెరికాలో ఉంటే అక్కడి మన కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పంపమనండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలని చాలామంది మరిచిపోతారు. అమ్మేవారే విదేశాల్లో స్థిరపడి ఉంటే కొనేవాడు పన్ను మినహాయించి కట్టే లెక్క వేరుగా ఉంటుంది, ముందే ఆడిటరును కలవండి. ఆస్తి మైనరు పేరున ఉంటే కోర్టు అనుమతి చూపమనండి. అది లేకుండా కొంటే ఆ పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు అమ్మకం చెల్లదని దావా వేయవచ్చు. ఇలా అడగడం అవతలి కుటుంబాన్ని అవమానించడం కాదు. ఆ ఇంటి ఆడపిల్లను తన వాటా గురించి మర్యాదగా అడిగిన మొదటి మనిషి మీరే కావచ్చు.

బయానా తక్కువ ఇవ్వండి. గట్టిగా ఇస్తేనే మాట నిలుస్తుందంటారు. మాట నిలబెట్టేది రాతే. కొనుగోలు అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మీది అయిపోదు, రిజిస్టరైన విక్రయ దస్తావేజుతోనే అవుతుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ తీసుకుని ఇల్లు కొనేశామనుకోవడం కుదరదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అగ్రిమెంటులో గడువు తేదీ రాయించండి. ఆ తేదీ దాటిన మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లకపోతే దారి మూసుకుపోతుంది. ఇచ్చేదేదైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం 2015 నుంచి నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా.

దస్తావేజులో అసలు ధరే రాయించండి. దీనికి మీ ఇంట్లోవాళ్లే అడ్డుపడతారు. లెక్క వేసి చూపించండి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో సుమారు 7.5 శాతం. 10 లక్షలు దాస్తే మిగిలేది 75 వేలు. ఆ 75 వేల కోసం 10 లక్షలకు సాక్ష్యం లేకుండా చేసుకుంటున్నారు. బేరం చెడితే ఆ పది లక్షలు ఇచ్చామని ఎవరి ముందు చెబుతారు? రేపు మీరు అమ్మినప్పుడు అదే పది లక్షలు మీ లాభం కింద లెక్కపడి పన్ను వేయించుకుంటాయి.

డబ్బు చేతిలో ఉన్నా బ్యాంకులో కొద్దిపాటి అప్పుకు దరఖాస్తు పెట్టమని కూడా చెబుతాను. వాళ్ల వకీలు లింకు డాక్యుమెంట్లు తిరగేస్తాడు. కాకపోతే ఆయన బ్యాంకు సొమ్ము భద్రం చూసుకునే మనిషి. మీ వకీలు మీకు ఉండాలి, అమ్మేవారు తెచ్చిన లేఖరి కాదు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కంప్యూటరులో 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది ఆఫీసు పుస్తకాల్లో వెతికించాలి. ఆ ఈసీలో కూడా రిజిస్టరు కాని వీలునామా కనపడదు, కోర్టులో నడుస్తున్న దావా కనపడకపోవచ్చు. అసలు దస్తావేజు బీరువాలో ఎక్కడో ఉంది, తరువాత ఇస్తాం అంటే, తరువాతే కొంటామనండి.

బంధువుల దగ్గర కొంటుంటే ఇవన్నీ రెట్టింపు శ్రద్ధగా చేయండి. బయటివాడితో తగువు కోర్టులో తేలిపోతుంది. బంధువుతో తగువు పెళ్లిళ్లలో, కర్మకాండల్లో ఎదురుపడుతూనే ఉంటుంది.

అమ్మేవారికీ ఒక మాట. ఇల్లు అమ్మకానికి పెట్టకముందే అక్కచెల్లెళ్లను పిలిచి కూర్చోండి. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఈసీ, అసలు దస్తావేజులు, కొలతల స్కెచ్ ఒక సంచిలో సిద్ధం చేయండి. కొనేవాడు అడిగే ప్రతి ప్రశ్నకూ కాగితం తీసి చూపగలిగితే మీ ధర మీకు వస్తుంది. వచ్చిన డబ్బులో ఆడపిల్లల వాటా మీ చేతుల మీదుగా కాకుండా నేరుగా వాళ్ల ఖాతాలోనే వేయించండి.