పాతదట, అందుకే పనిచేయదట!

పాత ఆన్‌లైన్ గేమ్ కొత్త విండోస్‌లో తెరుచుకోకపోతే సహాయ కేంద్రాలు రాసిచ్చే చీటీ ఎప్పుడూ ఒకటే. కంపాటిబిలిటీ మోడ్‌లో ఎక్స్‌పీ ఎంచుకోండి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి, యాంటీవైరస్ కాసేపు ఆపండి, ఫైర్‌వాల్ దించండి, గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించండి. రోగమేదైనా మందు ఇదే. నయం కాకపోతే తీర్పు కూడా సిద్ధంగా ఉంటుంది: మీ గేమ్ పాతదండీ! భద్రత కోసమని ఆపరేటింగ్ సిస్టమ్ మార్చుకున్న మనిషి చేతే, ఇరవై ఏళ్ల నాటి ప్రోగ్రామ్ ఒకటి ఇంటర్నెట్‌తో మాట్లాడుకోవడానికి ఆ భద్రతనంతా విప్పించడంలోని చమత్కారం చీటీ రాసినవారికి తట్టినట్టు లేదు. వీటిలో అడ్మినిస్ట్రేటర్ మంత్రం అప్పుడప్పుడు పారుతుంది, దానికి కారణముంది. ఎక్స్‌పీ రోజుల్లో గేములు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఇష్టమొచ్చినట్టు రాసుకునేవి. 2007లో జనం చేతికొచ్చిన విస్టా ఆ అలవాటు మాన్పించింది. పాత ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే కాదనకుండానే, ఆ రాతను వర్చువల్‌స్టోర్ అనే పక్క ఫోల్డర్‌కు మళ్లించింది. అప్‌డేట్ ఒకచోట, అసలు ఫైళ్లు ఒకచోట అయ్యేసరికి గేమ్ తికమకపడుతుంది. గేమ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాక వేరే మామూలు ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఈ పేచీ చాలావరకు తీరిపోతుంది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి బద్ధకించి, కంప్యూటర్ మీద సర్వాధికారాలూ గేమ్‌కు అప్పగించమంటారు.

ఇక వయసు సంగతి. మన ఊళ్ల నెట్ సెంటర్లలో ఒక తరాన్ని కుర్చీలకు అతికించిన కౌంటర్-స్ట్రైక్ 1.6 వచ్చింది 2003లో. నేటి విండోస్ 11లోనూ అది నిక్షేపంగా నడుస్తోంది. దానికి పునాది అయిన 1998 నాటి హాఫ్-లైఫ్‌కు పాతికేళ్లు నిండాయని 2023లో దాని తయారీ సంస్థ వాల్వ్ కొత్త అప్‌డేట్ ఇచ్చింది. 2002లో పుట్టిన ఫైనల్ ఫాంటసీ 11కు నేటికీ నెలనెలా చందా కట్టేవాళ్లున్నారు. అది వాడే డైరెక్ట్‌ప్లే అనే విండోస్ భాగాన్ని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో పక్కన పెట్టింది, అయినా పారేయలేదు. విండోస్ ఫీచర్లలో ఓ మూల టిక్కు పెడితే లేచి కూర్చుంటుంది. అంతెందుకు, సిమ్‌సిటీ గేమ్ ఖాళీ చేసిన మెమరీనే మళ్లీ వాడుకునే తప్పు చేస్తోందని తెలిసి, ఆ గేమ్ నడిచేటప్పుడు మాత్రం మెమరీని వెంటనే వెనక్కి తీసుకోకుండా విండోస్ 95లో ప్రత్యేకంగా కోడ్ రాసి పెట్టారు. ఇంకొకరి తప్పును తమ ఖర్చుతో మోశారన్నమాట. విండోస్ ప్రోగ్రాములను అసలు విండోసే లేని లినక్స్ మీద నడిపించే వైన్ ప్రాజెక్టు 1993 నుంచీ సాగుతోంది, దాని మీద కట్టిన ప్రోటాన్ 2018లో వచ్చింది. పరాయి ఇంట్లో నడిచే గేమ్ సొంతింట్లో కుంటుతోందంటే, తప్పు వయసుదేనా?

నిజానికి ఎక్కువగా కూలుతున్నది గేమ్ కాదు, దాని గుమ్మంలో నిలబెట్టిన కాపలా. కొన్న డిస్క్ అసలుదేనా అని చూసే సేఫ్‌డిస్క్‌కు విండోస్ లోతుల్లో ఒక డ్రైవర్ కావాలి. అందులో భద్రతా లోపం ఉండటంతో 2015లో విండోస్ 10 దాన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ ఏడాదే సెప్టెంబరులో విస్టా, 7, 8లలోనూ ఒక అప్‌డేట్‌తో కట్టేశారు. మోసగాళ్లను పట్టే గేమ్‌గార్డ్ లాంటివీ ఆ లోతుల్లోనే కాపురముంటాయి, అందుకే విండోస్ మారిన ప్రతిసారీ ముందు అవే తడబడతాయి. ఆటగాళ్లను ఒకచోట కలిపే గేమ్‌స్పై సేవ 2014 మే 31న ఆగిపోతే, కంప్యూటర్ మార్చనివాళ్ల ఆటలు కూడా ఆన్‌లైన్‌లో మూగబోయాయి. ఇంటికి తాళం వేసి, చెవి నూతిలో పడేసి, పాత ఇల్లు కదండీ తలుపు రాదు అన్నట్టుంది ఈ వరస.

లోపమున్న డ్రైవర్‌ను ఉంచమంటావా అని అడగవచ్చు. వద్దు, తీసేయాల్సిందే, మైక్రోసాఫ్ట్ చేసింది సబబే. కానీ డిస్క్ తనిఖీ తీసేసిన ప్యాచ్ ఇవ్వాల్సింది గేమ్ అమ్మినవాళ్లు. గాగ్ అనే దుకాణం 2008 నుంచీ అలాంటి తాళాల్లేని పాత గేములను అమ్ముతోంది కాబట్టి అది అసాధ్యమేమీ కాదు. కొన్నిచోట్ల అడ్డంకి నిజంగానే సాంకేతికమైనదని ఒప్పుకోవాలి: 64-బిట్ విండోస్ 16-బిట్ ఇన్‌స్టాలర్లను తెరవదు, 2019లో మ్యాక్ కాటలీనా 32-బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఒక్క వేటున సాగనంపింది. ఇక రెండో అభ్యంతరం ఖర్చు. పాతవాటిని మరమ్మతు చేస్తూ కూర్చుంటే కంపెనీ గతేం కాను? పాపం, నిజమే. అయితే 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ను 2013లో హెచ్‌డీ అనీ, 2019లో డెఫినిటివ్ అనీ రెండుసార్లు మళ్లీ అమ్మినప్పుడు మరమ్మతు ఖర్చు ఎవరికీ బరువనిపించలేదు. 2002 నాటి వార్‌క్రాఫ్ట్ 3కి 2020 జనవరిలో రీఫోర్జ్‌డ్ అని కొత్త పూత పూసినప్పుడైతే, అది కొననివాళ్లు కూడా తమ పాత గేమ్‌ను ఆన్‌లైన్‌లో ఆడాలంటే కొత్త క్లయింట్ గుండానే రావాల్సి వచ్చింది. కొన్నవాళ్లు మండిపడితే డబ్బు వాపసిచ్చారు. పాత క్లయింట్‌ను మాత్రం అప్పట్లో వాపసివ్వలేదు.

సరే, ఈ గొడవంతా ఎందుకు, పాత గేమ్‌ను పాత కంప్యూటర్‌లోనే ఆడుకోండి అనే పెద్దమనుషులూ ఉన్నారు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో హాఫ్-లైఫ్ కొన్నవాళ్లు ఆ సలహా పాటించి చూడాలి. స్టీమ్ 2019 జనవరి 1న ఎక్స్‌పీకి, విస్టాకి, 2024 జనవరి 1న విండోస్ 7కి, 8కి మద్దతు ఆపేసింది. గేమ్‌కు అవి చాలకపోవడం వల్ల కాదు. దుకాణం పేజీలు చూపించే క్రోమ్ ముక్క ఆ పాత విండోస్‌లలో పనిచేయదు కాబట్టి. విండోస్ 98 రోజుల్లో పుట్టిన ఆట తెరవాలంటే ఇప్పుడు దుకాణానికి విండోస్ 10 కావాలి.