నేను కుంకుమ పొట్లాన్ని

కాగితం, సిరా, అట్ట: నా పుట్టుక ఇంతే. మా వంశం మాత్రం చెప్పుకోదగ్గది. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఏ.ఎస్. హార్న్‌బీ, ఇంగ్లీషు ఇంటి భాష కానివాళ్ల కోసం ఇద్దరు సహచరులతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. అర్థం చెప్పి ఊరుకోకుండా మాటను వాక్యంలో ఎలా వాడాలో చూపడం మా ఇంటి పద్ధతి.

నన్ను మెదక్‌లో కొన్నది ఏడుపాయల పిల్ల. మంజీర ఏడు పాయలై పారే ఆ చోట, వనదుర్గమ్మ గుడి దారిలో వాళ్లకు కొబ్బరికాయలు, పసుపు కుంకుమల దుకాణం ఉంది. మొదట్లో రోజుకు పది మాటలు బట్టీ పట్టేది, వారం తిరగకముందే మరిచిపోయేది. అర్థం పక్కనే ఉన్న ఉదాహరణ వాక్యం మీద చూపు ఆనించేది కాదు. నాకెంత బాధో!

ఒక వానాకాలం ఎగువనున్న సింగూరు డ్యాం గేట్లెత్తారు. వరద అమ్మవారి పాదాల దాకా వచ్చింది. గుడి మూసి, రాజగోపురంలో ఉత్సవ విగ్రహానికి పూజలు చేశారు. బేరాల్లేని ఆ పూట ఆమె ‘ఇనండేట్’ దగ్గర ఆగింది. ముంచెత్తడం. ఆ అర్థం కళ్లెదుటే పారుతోంది. ఈసారి ఉదాహరణ కూడా చదివింది. నీళ్లే కాదు, ఉత్తరాలూ ఫోన్లూ మనిషిని ముంచెత్తుతాయి, అప్పుడు ఆ మాట వెంట ‘విత్’ వస్తుంది. పెన్సిల్ తీసి, శివరాత్రి జాతర మూడు రోజులూ మా దుకాణం బేరాలతో ఇనండేట్ అవుతుందని నా అంచున ఇంగ్లీషులో రాసుకుంది. ఆ మాట మళ్లీ మరవలేదు.

తర్వాత ‘హామిజ్’ వచ్చింది. ముందు ‘గివ్’ పెట్టబోయి, నన్ను చూసి ‘పే’ అని దిద్దుకుంది. నివాళి అర్పిస్తామంటాం గాని ఇస్తామనం కదా. మాటకు తోడుండే మాటను కూడా నేర్చుకుంటేనే అది నోట నిలుస్తుంది.

ఊరి పక్కన నిజాం కాలపు ఘనపురం ఆనకట్ట ఉంది. ‘ఆనికట్’ అన్న మాట తమిళం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిందనీ, పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉందనీ సారు చెబితే, నాలో లేని ఆ మాటను తన చేత్తో నా అంచున చేర్చింది. “నాయినా, మన కట్ట పేరు ఇంగ్లీషుల గూడ ఉన్నదట!” అని దుకాణంలోకి పరుగెత్తింది. నా బతుకులో అంత గొప్ప రోజు లేదు.

పెళ్లయి ఆమె వెళ్లిపోయింది. అర్థాలు ఫోన్‌లో చూసుకుంటుందట, దానికి నాకు కోపం లేదు. నన్ను రేకుల కింద అటక మీద వదిలినందుకే కోపం. ఎన్నో వానాకాలాలు నా మీద కురిశాయి. పేజీలు అట్టకట్టాయి. పందికొక్కు వీపు కొరికింది. ఇంగ్లీషువాళ్లు ‘బాండికూట్’ అన్న మాటను మన పందికొక్కు నుంచే తీసుకున్నారు. ఆ సంగతి చెప్పుకుందామన్నా నన్ను తెరిచేవాళ్లు లేరు.

మొన్న జాతరకు ముందు నాయిన నన్ను దించాడు. “పొట్లాలకన్నా అక్కరకొస్తది” అంటూ ఒక్కో పేజీ చింపాడు. ఆయనకు చదువు రాదు, ఆయన్ను అనను. ‘ఎ’ పేజీలన్నీ మొదటి రోజే పోయాయి.

ఏడుపాయల్లో మీ చేతికి కుంకుమ పొట్లం వస్తే, పారేయకముందు ఒకసారి విప్పి చూడండి. అంచున పెన్సిల్ రాత ఉంటే ఆ కాగితం దాచండి.