‘కంప్యూటర్ ఆపకండి’: టీకా తాత్పర్య సహితం

మూలం: అప్‌డేట్లు జరుగుచున్నవి. 30 శాతం పూర్తి. కంప్యూటర్ ఆపకండి.

అవతారిక: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్. జెండా పాట ముగిసినది, కాంటాలు నడచుచున్నవి. ‘సేటూ, నా తక్‌పట్టీ ఏమాయె?’ అని రైతు తన అమ్మకపు చీటీకై అడుగునంతలో ఒక అడ్తి దుకాణమందలి ఐదు కంప్యూటర్లును ఏకకంఠముగా ఈ వాక్యమును పలికినవి. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అను జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ విపణితో మొదట కలిసిన 21 మార్కెట్లలో వరంగల్ ఒకటి. కావున ఇచట తెరకును బస్తాకున్నంత పరువు కలదని గ్రహింపవలెను.

ప్రతిపదార్థం: అప్‌డేట్లు = మనము కోరనివి, లేకున్న గడవనివి; జరుగుచున్నవి = జరుగుచున్నట్లు కనబడుచున్నవి; 30 శాతం = ఇందాకటికిని ఇప్పటికిని సమముగా చెల్లునది; పూర్తి = అసంపూర్తి; ఆపకండి = హమాలీ కాలికి వైరు తగులకుండుగాక.

తాత్పర్యం: ఐదు యంత్రములు ఒకే సరకును ఒకే సన్నని లైనుపై ఐదు మార్లు దించుకొనుచున్నవి. లినక్సువారి యాప్ట్-క్యాషర్-ఎన్‌జీ, విండోస్‌వారి డబ్ల్యూఎస్‌యూఎస్ పుట్టినది ఇందుకే: ఒకటి తెచ్చి దాచును, తక్కినవి దానియొద్ద పుచ్చుకొనును. దుకాణదారు ఈ మాట విని ‘మిర్చి సీజన్ పోనీ’ అనును. ఏ సీజన్ అని టీకాకారుడు అడుగరాదు.

శంక: అసలు అప్‌డేట్ మానరాదా?

సమాధానం: రాదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక కన్నమునకు ప్యాచ్ ఇచ్చెను. మే 12న వానక్రై అను కంప్యూటర్ పురుగు ఆ కన్నముననే దూరి బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసెను. నడుమ ఎనిమిది వారములు ‘రేపు చేద్దాం’ అనువారికి చాలినవి.

పూర్వపక్షి ఊరకుండడు: అట్లయిన వచ్చినది వచ్చినట్లే అన్నింటికిని వేయుదమా? అదియు చెల్లదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వలన దాదాపు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర దాల్చెను. శంషాబాదులో బోర్డింగ్ పాసును చేత వ్రాసి ఇచ్చిరి. ఖరీదుదారు ఒక బస్తా విప్పి, కాయ విరిచి చూడనిదే లాట్‌కు ధర చెప్పడు గదా. మార్కెట్ సెలవునాడు గుమాస్తా యంత్రమొక్కదానికి వేసి, తక్‌పట్టీ అచ్చగునో లేదో చూచి, ఆపై మిగిలినవాటి జోలికి పోవలెను. ఇది మా మతము. దుకాణదారు మతము వేరు.

పాఠాంతరం: కొన్ని తెరలయందు ‘35 శాతం’ అని కలదు. అది భోజనానంతర పాఠము.