మా చెరువు ముస్తాబు

మా కాలనీ చెరువుకు మొన్ననే సుందరీకరణ పూర్తయింది. వాకింగ్ ట్రాకు, ఓపెన్ జిమ్ము, స్టీలు రెయిలింగు, రెండు సిమెంటు కొంగలు. అసలు కొంగలు పనులు మొదలైనప్పుడే ఎటో వెళ్లిపోయాయి. గేటు పక్కన మనిషెత్తు ఎర్రక్షరాలతో 'ఐ లవ్ మై లేక్' అని నిలబెట్టారు. అక్కడ సెల్ఫీ దిగేవాళ్లు ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుంటున్నారు. ప్రేమ గుడ్డిదని విన్నాం గానీ, దానికి జలుబు కూడా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

ఫౌంటెన్ గురించి చెప్పకపోతే పాపం. పై కాలనీల డ్రైనేజీ ఇన్నాళ్లూ తలొంచుకుని చెరువులోకి పారేది. ఇప్పుడు సాయంత్రమైతే గులాబీ రంగులో, ఊదా రంగులో పైకి లేస్తోంది. గాలి ఇటు తిరిగితే బెంచీల మీది రిటైర్డు పెద్దలకు సంప్రోక్షణ కూడా జరుగుతోంది. ముందు ఆ మురుగు ఆపొచ్చు కదా అని సూపర్‌వైజరును అడిగాను. "అది వేరే శాఖ సార్, మాది బ్యూటిఫికేషనే" అన్నాడు. నిజాయితీపరుడు.

బతుకమ్మ పండక్కి ఇంకో వింత. చెరువు గట్టునే సిమెంటు గుంట కట్టి, ట్యాంకరుతో మంచినీళ్లు తెప్పించి నింపారు. ఆడవాళ్లు చెరువుకు వీపు పెట్టి గుంటలో బతుకమ్మలు వదిలారు. చెరువు చేయాల్సిన పని చేయడానికి చెరువు పక్కనే ఇంకో చెరువు!

కాకతీయులు తవ్వించిన రామప్ప, పాకాల చెరువులు ఎనిమిది వందల ఏళ్లుగా నీళ్లిస్తున్నాయి. తవ్వించినవాళ్లకు కట్ట, తూము, అలుగు తప్ప వేరే ధ్యాస లేదు. ఒక చెరువు నిండి అలుగు పారితే కింది చెరువు నిండేది. దాన్నే గొలుసుకట్టు అన్నారు. మా గొలుసు తెగిన చోటు కూడా చూపిస్తాను రండి: వరద కాలువ మీద ఫంక్షన్ హాలు, అలుగు కింద అపార్టుమెంటు. అపార్టుమెంటు పేరు 'లేక్ వ్యూ'.

చెరువు నిండితే నీళ్లు ఎందాకా నిలుస్తాయో అది ఎఫ్‌టీఎల్. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. మావాళ్లు ట్రాకును ఆ గీతకు లోపలే వేశారు. ట్రాకంటే నడవడానికే అనుకున్నాను. హద్దురాయి కూడా అదేనట. అవతల మిగిలిన శిఖం భూమిలో అప్పుడే ఎవరో కడీలు పాతారు.

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో గుర్రం చెరువు కట్ట తెగి కాలనీలు మునిగాయి. నీళ్లు ఏ ఇంటి దగ్గరా ఆగి, ప్లాటును క్రమబద్ధీకరించిన ఎల్ఆర్ఎస్ రసీదు అడగలేదు.

రెండో విడతలో మాకు బోటింగ్ అట. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలకు ఒక్క మనవి. రిబ్బను కత్తిరించాక ఆ చెరువులో ఒక్క దోసెడు నీళ్లు తీసుకుని, మా అందరి ముందూ ముఖం కడుక్కోండి. బోటు తర్వాత ఎక్కుదాం.